తోడేలు, తుపాకి, తలుపు



2024 సెప్టెంబరులో ఒక ఆదివారం. మా విహారంలో త్రిశరణ పంచశీలాలు చెప్పుకోవడం అయిపోయింది. చాపలు చుట్టే వేళకు ఒక పెద్దమ్మ లేచి అడిగింది. "నాయనా, ఉత్తరప్రదేశ్‌లో తోడేళ్లు ఇళ్లల్లోకి దూరి పసిపిల్లల్ని ఎత్తుకుపోతున్నాయని టీవీలో చూపిస్తన్నారు. ప్రాణం తీయనని మనం వారంవారం శీలం చెప్తాం గదా! మరి బిడ్డను నోట కరుచుకుని పోతుంటే చేతులు కట్టుకుని చూడాలా?"

పక్కనే ఇంజనీరింగ్ చదివే కుర్రాడు అందుకున్నాడు. "అమెరికాలో అయితే ప్రభుత్వమే తోడేళ్లను లెక్కపెట్టి, లైసెన్సులిచ్చి, ఇన్నింటిని చంపొచ్చని చెప్తుంది పెద్దమ్మా. దాన్ని మేనేజ్‌మెంట్ అంటారు. మన దగ్గరా అట్లా చేస్తే పోలా?"

ఆ రోజు నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. "చంపకూడదు" అనేస్తే ఆ తల్లి ముందు అది బోలు మాట. "చంపొచ్చు" అనేస్తే శీలం ఎందుకు చెప్పుకుంటున్నట్టు? ఇంటికొచ్చి చదివాను, ఆలోచించాను. నాకు అందిన జవాబు మీ ముందు పెడుతున్నాను. ఒప్పుకోవాలని లేదు. పరీక్షించి చూడమని తథాగతుడే చెప్పాడు కదా.

కోరిక వేరు, అవసరం వేరు

ముందు బాబాసాహెబ్ దగ్గరికి పోదాం. "బుద్ధుడు, ఆయన ధమ్మం" గ్రంథంలో అహింస గురించి ఆయన ఒక తేడా చూపించారు. చంపాలనే కోరిక ఒకటి, చంపక తప్పని అవసరం ఇంకొకటి. బుద్ధుడు నిషేధించింది మొదటిదాన్ని అని బాబాసాహెబ్ వివరించారు. యజ్ఞం పేరుతో పశువుల్ని బలిచ్చే బ్రాహ్మణ ధర్మంలో ఉన్నది చంపాలనే కోరిక. ఏ పరిస్థితిలోనూ ఏ జీవినీ చంపకూడదనేది జైనుల దారి. బుద్ధుడిది ఈ రెండింటి మధ్య మార్గం.

ఆయన ఇంకో మాట కూడా స్పష్టం చేశారు. అహింస ఒక సూత్రం, అంతేగాని కొట్టినట్టు పాటించాల్సిన నియమం కాదు. నియమం మనిషిని ఆలోచించనివ్వదు. సూత్రమైతే, ఆలోచించి నిర్ణయించుకునే బాధ్యత మన మీదే పెడుతుంది.

వినడానికి ఇది సులువుగా ఉంటుంది. నిజానికి నియమం పాటించడం కంటే ఇదే కష్టం. ఎందుకంటే కోరిక ఎప్పుడూ కోరికలాగా రాదు. అవసరం వేషం వేసుకుని వస్తుంది. ఆ వేషం ఎట్లా ఉంటుందో చూడాలంటే, ఆ కుర్రాడు చెప్పిన అమెరికాకే పోదాం.

విస్కాన్సిన్‌లో మూడు రోజులు

అమెరికాలో తోడేళ్లను ఒకప్పుడు తుపాకులతో, ఉచ్చులతో, విషంతో దాదాపు తుడిచిపెట్టేశారు. ఎల్లోస్టోన్ అనే పెద్ద నేషనల్ పార్కులో సైతం 1926 నాటికి తోడేళ్ల గుంపు ఒక్కటీ మిగల్లేదు. వేటాడే జంతువు పోయేసరికి అక్కడ ఎల్క్ అనే పెద్ద దుప్పులు పెరిగిపోయి చిన్న చెట్లను ఎదగనివ్వలేదు. చివరికి 1995, 1996 సంవత్సరాల్లో కెనడా నుంచి 31 తోడేళ్లను పట్టి తెచ్చి అదే పార్కులో వదిలారు. చంపినవాళ్ల మనవలే మళ్లీ తెచ్చుకున్నారన్న మాట.

ఉత్తరాన ఉన్న విస్కాన్సిన్ రాష్ట్రంలో తోడేళ్లు పొరుగు అడవుల నుంచి వాటంతట అవే తిరిగొచ్చాయి. మెల్లగా వెయ్యి దాటాయి. 2021 జనవరిలో కేంద్ర ప్రభుత్వ రక్షణ తొలగిపోయింది. వేట పెట్టాల్సిందేనని కొందరు కోర్టుకెక్కారు. ఫిబ్రవరిలో హడావుడిగా వేట మొదలైంది. మొత్తం 200 తోడేళ్లను చంపొచ్చని ప్రభుత్వం లెక్క కట్టింది. అందులో 81 ఆ నేల మూలవాసులైన ఒజిబ్వే తెగల వాటా. 19వ శతాబ్దంలో రాసుకున్న ఒప్పందాల వల్ల వాళ్లకు ఆ హక్కు ఉంది. మిగతా 119 లైసెన్సు ఉన్న వేటగాళ్లకు.

ఒజిబ్వేలు తమ వాటా తీసుకున్నారు, కానీ ఒక్క తోడేలునూ చంపలేదు. వాళ్ల నమ్మకంలో తోడేలు మనిషికి సోదరుడు. తోడేలుకు ఏ గతి పడితే మనిషికీ అదే గతి అని వాళ్ల పెద్దలు చెప్పుకుంటారు. అందుకే ఆ 81 బతకాలని వదిలేశారు.

ఇక వేటగాళ్ల సంగతి. మంచు మీద అడుగుజాడలు స్పష్టంగా కనిపించే కాలం, పైగా తోడేళ్లు జతకట్టే కాలం. కుక్కల గుంపులను వదిలారు. మూడు రోజులు కూడా నిండకముందే 218 తోడేళ్లు చచ్చాయి. వేట ఆపమని చెప్పాక కూడా 24 గంటల గడువు ఇవ్వాలన్న నిబంధన ఉండటంతో, ఆ గడువులో ఇంకా చంపారు. అనుమతి 119కి, చంపింది 218. అంటే ఒజిబ్వేలు బతకనిచ్చిన వాటాను కూడా దాటిపోయారు. ఒకరు దయతో వదిలిపెట్టిన ప్రాణాన్ని ఇంకొకరు సరదాగా తీశారు. 2022 ఫిబ్రవరిలో ఫెడరల్ కోర్టు ఒకటి ఆ తోడేళ్లకు రక్షణ తిరిగి ఇచ్చింది.

వేటను సమర్థించేవాళ్ల మాట కూడా న్యాయంగా వినాలి. "మా దూడల్ని తింటున్నాయి. మా కుక్కల్ని చంపుతున్నాయి. పట్నంలో కూర్చున్నవాళ్లకు తోడేలు ముచ్చట, మాకు నష్టం" అంటారు పల్లె రైతులు. అది అబద్ధం కాదు. దూడ పోయిన రైతు కడుపుమంట నిజమైనదే. ఫలానా తోడేలు ఫలానా పొలం మీద పదేపదే పడుతుంటే దాన్ని తొలగించాలనడం ఆలోచించాల్సిన మాట.

కానీ ఆ మూడు రోజుల్లో జరిగింది అది కాదు. ఏ తోడేలు ఎవరి దూడను తిన్నదని ఎవరూ అడగలేదు. రైతు పొలానికి మైళ్ల దూరంలో, అడవిలో తన బతుకు తాను బతికే తోడేలు కూడా చచ్చింది. తోలు తీసుకున్నారు, ఫోటో దిగారు. రైతు నష్టాన్ని ముందు పెట్టి, వెనక నుంచి వేట సరదా నడిచింది. బాబాసాహెబ్ చూపిన తేడాతో చూస్తే ఇది చంపాలనే కోరికే. అవసరం అనే కాగితం చేతిలో పెట్టుకుని వచ్చిన కోరిక.

పేరు పెట్టడంతో మొదలవుతుంది

ఇది మనకు కొత్త కథ కాదు. తెల్లదొరల పాలనలో మన దేశంలోనూ తోడేలుకు తలకింత అని బహుమానం ఇచ్చారు. చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ లెక్క ప్రకారం 1875 నుంచి 1925 దాకా, 50 ఏళ్లలో 2 లక్షల తోడేళ్లను చంపారు. ఇప్పుడు దేశం మొత్తం మీద మిగిలినవి 3 వేల చిల్లర. పులుల సంఖ్యకు ఇంచుమించు సమానం. పులి పేరు చెప్తే పార్కులు, టూరిస్టులు. తోడేలు పేరు చెప్తే పాడు జంతువు.

ఆ ప్రభుత్వమే 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. తర్వాత దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ పాకించింది. ఎరుకల వంటి కులాల్లో పుట్టిన బిడ్డను పుట్టుకతోనే నేరస్తుడని రాసుకున్నారు. స్టువర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో పెట్టి హాజరు వేయించారు. 1952లో గానీ ఆ చట్టం పోలేదు. ముద్ర మాత్రం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

నేను మనిషిని జంతువుతో పోల్చడం లేదు. మనల్ని జంతువులకంటే హీనంగా చూసిన సమాజంలో ఆ పోలిక ఎంత గాయం చేస్తుందో నాకు తెలుసు. నేను చెప్పేది చంపేవాడి, అణిచేవాడి మనసు గురించి. ఆ మనసు ముందు ఒక పేరు పెడుతుంది. 'దొంగ జాతి' అంటుంది, 'పాడు జంతువు' అంటుంది. పేరు పెట్టాక ఫలానావాడు ఏం చేశాడన్న విచారణ అక్కర్లేదు. ఆ జాతిలో పుట్టడమే నేరం. తప్పును చూడకుండా పుట్టుకను చూసి శిక్షించడం ఎంత అన్యాయమో మనకంటే బాగా ఎవరికి తెలుసు? అందుకే తోడేలు విషయంలో కూడా మనం అడగాల్సిన మొదటి ప్రశ్న "ఏ తోడేలు? ఏం చేసింది?" అని.

బహ్రాయిచ్ తల్లులు

ఇప్పుడు పెద్దమ్మ ప్రశ్నకు వద్దాం. ఉత్తరప్రదేశ్‌లోని బహ్రాయిచ్ జిల్లా మహసీ ప్రాంతంలో 2024లో ఆ తోడేళ్ల దాడుల్లో కనీసం 8 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది చిన్నపిల్లలు. తల్లి పక్కలో పడుకున్న బిడ్డను ఎత్తుకుపోయాయి. అటవీ శాఖ డ్రోన్లు ఎగరేసింది, బోన్లు పెట్టింది, పిల్లల మూత్రంలో తడిపిన బొమ్మలను ఎరగా ఉంచింది. ఆరు తోడేళ్ల గుంపు అన్నారు. ఐదింటిని ప్రాణాలతో పట్టారు. ఆరో దాన్ని ఊరివాళ్లు కొట్టి చంపారు.

ఆ ఊరివాళ్లను నేను తప్పు పట్టను.  1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో తోడేలు మొదటి షెడ్యూల్లో ఉంది, అంటే పులితో సమానమైన రక్షణ. అయినా అదే చట్టం 11వ సెక్షన్ ఏం చెప్తుందో చూడండి. తనను గానీ, ఎదుటివాళ్లను గానీ కాపాడుకోవడానికి సదుద్దేశంతో చంపితే నేరం కాదు. మనిషి ప్రాణానికి ప్రమాదకరంగా మారిన జంతువును చంపమని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఉత్తర్వు ఇవ్వొచ్చు. అయితే ముందు పట్టడానికి, మత్తు ఇవ్వడానికి, వేరే చోటికి తరలించడానికి వీలు లేదని తేలాలి. ఎందుకు చంపాలో కారణం రాయాలి.

అవసరమా, కోరికా అని బాబాసాహెబ్ మనల్ని అడుక్కోమన్న ప్రశ్నే ఇక్కడ చట్టం భాషలో ఉంది. ప్రాణం తీయడం ఆఖరి మెట్టు. మొదటి మెట్లు ఎక్కకుండా ఆఖరి మెట్టు మీదికి దూకకూడదు.

కాబట్టి పెద్దమ్మకు జవాబు ఇది. చేతులు కట్టుకుని చూడక్కర్లేదమ్మా. బిడ్డను కాపాడుకో. కర్ర అందితే కర్రతో, కత్తి అందితే కత్తితో. ఆ క్షణంలో నీ మనసులో ఉన్నది బిడ్డ మీద ప్రేమ, తోడేలు మీద పగ కాదు. కానీ తెల్లవారాక దేశంలో తోడేళ్లన్నింటినీ చంపాలని బయల్దేరితే, అప్పుడు మనసులో ఉన్నది బిడ్డ కాదు, పగ.

తలుపు లేని ఇల్లు

ఇంతటితో ఆగితే సగం జవాబే అవుతుంది. చనిపోయిన బిడ్డలు ఎవరి బిడ్డలు? కలెక్టరు బిడ్డలు కాదు, భూస్వామి బిడ్డలు కాదు. తలుపు లేని ఇంట్లో, కరెంటు లేని చీకట్లో, ఉక్కపోతకు ఆరుబయట పడుకున్న పేదల బిడ్డలు. 1996లో అదే రాష్ట్రంలోని ప్రతాప్‌గఢ్, సుల్తాన్‌పూర్, జౌన్‌పూర్ జిల్లాల్లో తోడేళ్లు పిల్లల మీద పడ్డప్పుడు కూడా బలైంది పేద పిల్లలే. దాదాపు 30 ఏళ్లు గడిచాయి. తోడేలు అదే దారిన వచ్చింది, ఎందుకంటే ఇంటికి తలుపు ఇంకా రాలేదు.

దీఘనికాయంలో కూటదంత సుత్తం ఉంది. అందులో బుద్ధుడు ఒక పాత రాజు కథ చెప్తాడు. రాజ్యంలో దొంగలు ఎక్కువయ్యారు. రాజు పెద్ద యజ్ఞం చేద్దామనుకుంటాడు. పురోహితుడు వారిస్తాడు. దొంగల్ని చంపి, బంధించి ఈ బాధ తీర్చలేవు, మిగిలినవాళ్లు మళ్లీ పీడిస్తారు అంటాడు. వ్యవసాయం, పశుపోషణ చేసేవాళ్లకు విత్తనాలు, మేత ఇవ్వు. వ్యాపారం చేసేవాళ్లకు పెట్టుబడి ఇవ్వు. కొలువు చేసేవాళ్లకు జీతం ఇవ్వు అని సలహా చెప్తాడు. రాజు అట్లాగే చేస్తాడు. చివరికి రాజ్యం ఎట్లా ఉందంటే, జనం బిడ్డల్ని గుండెల మీద ఆడించుకుంటూ, ఇళ్ల తలుపులు తీసిపెట్టుకుని బతికారట.

ఆ మాట చదివినప్పుడు నాకు బహ్రాయిచ్ గుర్తొచ్చి కళ్లు చెమ్మగిల్లాయి. అక్కడ కూడా వాకిళ్లు తెరిచే ఉన్నాయి. భయం లేక కాదు, తలుపు పెట్టుకునే స్తోమత లేక.

కథలో ఉన్నది దొంగలు, మన ముందున్నది తోడేళ్లు. రెండూ ఒకటి కావు. నేను తీసుకునేది ఆ ఆలోచనా పద్ధతిని. బాధ కనబడగానే చంపడానికి పరిగెత్తకు, బాధ ఎక్కడ పుట్టిందో చూడు అంటుంది ధమ్మం. అదే కదా పటిచ్చసముప్పాదం. తోడేలు ఊళ్లోకి ఎందుకొచ్చింది? అది తిరిగే పచ్చిక బీళ్లు పోయాయి. అది తినే కుందేళ్లు, జింకలు తగ్గాయి. ఊరి చివర ఇంటికి తలుపు లేదు, దొడ్డికి కంచె లేదు. ఈ కారణాలన్నీ అట్లాగే ఉంచి తోడేలును మాత్రం చంపితే, వచ్చే ఏడు ఇంకో తోడేలు వస్తుంది. తుపాకి పేల్చిన మంత్రి ఫోటో పేపర్లో వస్తుంది. తలుపు మాత్రం రాదు.

తుపాకి చవక, తలుపు ఖరీదు. అందుకే పాలకులకు తుపాకి ఇష్టం.

"మీరు మాంసం తింటారు కదా!"

మనం ఈ మాటలు మాట్లాడితే కొందరు వెటకారం చేస్తారు. "కోడిని కోసుకు తినేవాళ్లు తోడేలు మీద జాలి చూపిస్తారా?" అని. దీనికి సిగ్గుపడాల్సిన పని లేదు. అహింసను వంటగదిలో కట్టేసింది బుద్ధుడు కాదు. తన కోసం చంపారని చూడని, వినని, అనుమానం లేని మాంసాన్ని భిక్షలో స్వీకరించవచ్చని ఆయన అనుమతించాడు. ధమ్మం చూసేది చంపే మనసును, దాని వెనక ఉన్న ఆశను, ద్వేషాన్ని, మోహాన్ని. ఆకలికి తినడానికీ, గోడకు తల తగిలించుకోవడానికీ తేడా చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయినా మన వంతు ప్రశ్న మనమూ వేసుకోవాలి. జాతర్లో దున్నపోతును నరికే చోట మనవాళ్లు ఇంకా ఉంటే, అది అవసరమా, కోరికా?

ఇంకో రకం మనుషులూ ఉన్నారు. తోడేలు కోసం కన్నీళ్లు పెడతారు, మాన్‌హోల్లో దిగి చచ్చిన సఫాయి కార్మికుడి పేరు కూడా అడగరు. అది కరుణ కాదు. మెత్తా మనిషి దగ్గర మొదలై ప్రాణులన్నింటి దాకా పోవాలి. మనిషిని దాటేసి పోకూడదు, మనిషి దగ్గరే ఆగిపోకూడదు. అన్ని జీవుల పట్ల దయ చూపిస్తానని 22 ప్రతిజ్ఞల్లో మనం మాట ఇచ్చాం.

ఎర్రగుడి బండల దగ్గర

ఇదంతా దూరపు ముచ్చట అనుకోకండి. మన కర్నూలు జిల్లాలో, గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి ఉంది. అక్కడి బండల మీద అశోకుడి ధమ్మ శాసనాలు చెక్కి ఉన్నాయి. ఒక శాసనంలో ఆయన తన వంటశాల లెక్క దాచకుండా చెప్పాడు. ఒకప్పుడు రోజూ లెక్కలేనన్ని జంతువుల్ని చంపేవాళ్లు. ఇప్పుడు మూడే, రెండు నెమళ్లు, ఒక జింక. ఆ జింక కూడా రోజూ కాదు. ముందు ముందు అవీ ఉండవు అన్నాడు. ఇంకో శాసనంలో, పాత రాజులు వేట వినోదాల కోసం యాత్రలు చేసేవాళ్లని, తాను వాటిని మాని ధమ్మ యాత్రలు మొదలుపెట్టానని చెప్పాడు.

ఆయన ఒక్క రోజులో అంతా మానలేదు. కానీ మొదట మానింది ఏమిటి? వినోదపు వేట. చక్రవర్తికి కూడా అవసరానికీ, కోరికకూ తేడా తెలిసింది అక్కడే.

ఆ జిల్లా బీడు నేలల్లో ఇప్పటికీ తోడేళ్లు తిరుగుతాయి. ఆ నేలల్లోనే గొర్రెల మందలూ తిరుగుతాయి. మందకు ముళ్లకంప దడి, రాత్రి కావలి, రెండు మంచి కుక్కలు ఉంటే గొర్రె మిగులుతుంది. అయినా గొర్రె పోతే నష్టపరిహారం ఆలస్యం లేకుండా చేతికందాలి. తోడేలు బతకడం దేశానికి మేలైతే, ఆ ఖర్చు దేశమే పెట్టుకోవాలి. గొంగడి కప్పుకున్న కాపరి ఒక్కడి నెత్తిన వేయడం అన్యాయం.

నాలుగు ప్రశ్నలు

అందుకని బంధువులారా, ఎవరైనా "చంపేద్దాం, అదే పరిష్కారం" అన్నప్పుడు, అది తోడేలైనా, ఊర కుక్కలైనా, చేనులో పడ్డ అడవి పందులైనా, నాలుగు ప్రశ్నలు అడగండి.

1. ఇది అవసరమా, అవసరం వేషంలో ఉన్న కోరికా?
2. ఫలానా జంతువు చేసిన పనికా, జాతి మొత్తానికా శిక్ష?
3. చంపకముందు చేయాల్సినవన్నీ చేశారా?
4. చంపాక ఆ ఇంటికి తలుపు వస్తుందా?

మొన్న పెద్దమ్మ మళ్లీ విహారానికి వచ్చింది. ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, చివరికి ఒక్క మాట అంది. "అయితే నాయనా, తోడేలొచ్చిన రోజు కర్ర పట్టుకోవాల. రాని రోజు తలుపు కోసం కొట్లాడాల. అంతేనా?"

అంతే పెద్దమ్మా. నేను ఇన్ని పేజీల్లో చెప్పింది అదే.

జై భీమ్! నమో బుద్ధాయ!